సూక్ష్మ ఇటుక – చారిత్రక సత్యం

సూక్ష్మ నమూనాల నిర్మాణాన్ని బాలల వినోదంగానో, తీరిక వేళల వ్యాసంగంగానో పరిగణించే అలవాటు సమాజంలో బలంగా ఉంది. బొమ్మరింటి గోడకు పేర్చే, అంగుళమైనా లేని ఇటుకలో కళావిమర్శకు విషయమేముంటుందన్న సందేహం సహజమే. అయితే మూల కట్టడం నిలిచిన నేల కంటికి దూరమై నమూనా మాత్రమే మిగిలినప్పుడు, ఆ చిన్న ఇటుకే చరిత్రకు సాక్షి అవుతుంది. ఆ సాక్ష్యం ఎంతవరకు నిజమన్నది విమర్శ తేల్చవలసిన ప్రశ్న.

బొమ్మరిళ్ల నిర్మాణంలో అడుగుకు అంగుళం, అనగా 1:12, స్థిరపడిన కొలత. లుటియెన్స్ రూపకల్పనలో 1924 నాటికి సిద్ధమైన క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఈ కొలతలోనిదే. ఈ లెక్కన 190 మి.మీ. పొడవుండే నేటి ప్రామాణిక ఇటుక సుమారు 16 మి.మీ.కు తగ్గుతుంది. ఇటుకల నడుమ 10 మి.మీ. సందు ఒక మి.మీ. కన్నా సన్నబడుతుంది. కాని ఇసుక రేణువు మాత్రం తగ్గదు. మామూలు ఇసుక కలిపితే ఆ సందులో గులకరాళ్లు పోసినట్లుంటుంది. అందుకే నేర్పరి మెత్తగా జల్లించిన మట్టినే వాడతాడు. ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది కనుక అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేస్తాడు. ఒకే బట్టీలో కాలిన ఇటుకలైనా ఒకే రంగులో ఉండవని అతడెరుగును. ఇటుకల గీతలు అచ్చొత్తిన కాగితం గోడకు అంటిస్తే ఈ వైవిధ్యం లోపిస్తుంది. ప్రతి ఇటుక అంచునూ పనిగట్టుకొని విరగగొట్టడమూ అంతే అసహజం. వాస్తవికత ఈ రెండింటి నడుమనున్న నిగ్రహంలో ఉంది.

ఈ విచక్షణకు అసలైన పరీక్ష నాగార్జునకొండ. 1926లో వెలుగు చూసిన ఈ ఇక్ష్వాకుల రాజధాని, విజయపురి, నాగార్జునసాగర్ జలాలలో మునగనున్నదని తెలిసి 1954–60 మధ్య విస్తృతంగా తవ్వకాలు సాగాయి. తరువాత తొమ్మిది కట్టడాలను కొండపై పునర్నిర్మించారు. మరి పద్నాలుగింటికి పెద్ద నమూనాలు సిద్ధం చేశారు. లోయ నీటి పాలైంది. నమూనాను మూలంతో పోల్చి సరిదిద్దుకొనే అవకాశమూ దానితోనే పోయింది.

ఇక్కడి కట్టడాల ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గలది. పొడవులో ఏడో వంతుకు కాస్త మించిన మందమే ఉండే పలక వంటి ఇటుక అది. నేటి ప్రామాణిక ఇటుక మందం పొడవులో దాదాపు సగం. బజారులో దొరికే చిన్న ఇటుకలతో ఇక్ష్వాకుల గోడ కడితే రంగు ఎంత కుదిరినా వరుసల లయ తప్పుతుంది. చూపరికి తప్పెక్కడో తెలియకపోవచ్చు, కాని అతని మనసులో నిలిచేది మరో కాలపు గోడ.

ఇంతకన్న లోతైన చిక్కు మరొకటి ఉంది. ఆ కట్టడాలను ఇటుకతో, మట్టి అడుసుతో కట్టి, పైన సున్నపు గచ్చు పూసి తెల్లగా తీర్చారు. నాటి భక్తునికి కనిపించినది తెల్లని స్తూపమే గాని ఎర్రని ఇటుక కాదు. ఇటుక బయటపడటం కాలం చేసిన పని. కాబట్టి ఇటుక ఇటుకా పేర్చిన నమూనా ఎంత నేర్పుగా చేసినదైనా శిథిలాన్ని చూపగలదే గాని ఇక్ష్వాకుల నాటి స్తూపాన్ని చూపలేదు. శిథిలాన్ని చూపడం లోపం కాదు. తవ్వకాలలో దొరికినది అదే గనుక అది నిజాయితీ కూడా. దానినే పూర్వరూపమని చూపరి భ్రమపడటానికి తావివ్వడం మాత్రం లోపం.

కావున నమూనా పక్కన కట్టడం పేరు రాస్తే సరిపోదు. అది ఏ నాటి స్థితిని చూపుతున్నదో, ఏ కొలతలో చేసినదో కూడా తెలపాలి. గచ్చు పూతతో ఉన్న రూపాన్ని చెంతనే నిలిపితే చూపరికి రెండు కాలాలూ ఒకేసారి బోధపడతాయి. ఇటుక ఎంత చిన్నదైనా దాని కొలత చెప్పే సత్యం చిన్నది కాదు.