కన్యాశుల్కం నాటకం: వైఖరుల మార్పు - సామాజిక మనోవిజ్ఞాన పరిశీలన

వ్యాససంగ్రహం:

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం సంఘసంస్కరణ నాటకంగా ప్రసిద్ధం. ప్రజల వైఖరులను మార్చడం దాని ఆశయమని రచయితే పీఠికలో సూచించారు. అయితే నాటకం లోపల ఎవరి వైఖరి ఎంతవరకు మారింది, దేనివల్ల మారింది అన్న ప్రశ్నపై తగినంత చర్చ జరగలేదు. వైఖరి, ఒప్పించడం, దురభిప్రాయం, స్వీయభావన అనే సామాజిక మనోవిజ్ఞాన భావనల వెలుగులో సౌజన్యారావు, మధురవాణి, గిరీశం పాత్రలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాటకంలో పరీక్షకు నిలబడిన దురభిప్రాయం ఛాందసులది కాదనీ, సంస్కర్తదేననీ, ఆ పరీక్షలో ఆయన సగమే నెగ్గాడనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్యాశుల్కం, గురజాడ, వైఖరి, ఒప్పించడం, దురభిప్రాయం, స్వీయభావన, సంపర్క సిద్ధాంతం.

1. ఉపోద్ఘాతం:

కన్యాశుల్కం తొలిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. రచయిత దానిని దాదాపు కొత్త నాటకమనదగినంతగా తిరగరాసి 1909లో రెండవ కూర్పును వెలువరించారు. మధురవాణి పాత్ర విస్తరించి, నాటకానికి కేంద్రస్థానంలో నిలిచింది ఈ రెండవ కూర్పులోనే. ఈ వ్యాసానికి ఆధారం ఆ కూర్పే.

ఈ నాటకంపై వచ్చిన విమర్శ విస్తారమైనది. భాష, హాస్యం, పాత్రచిత్రణ, సంస్కరణ దృష్టి, చారిత్రక నేపథ్యం మొదలైన కోణాలన్నింటి నుండీ విమర్శకులు దీనిని పరిశీలించారు. సౌజన్యారావు, మధురవాణుల సంభాషణను ఎక్కువమంది సంస్కర్త హృదయపరివర్తనగానో, వేశ్య ఔదార్యానికి పరాకాష్ఠగానో వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానాన్ని ఒకసారి పునఃపరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

20వ శతాబ్ది మధ్యభాగంలో రూపొందిన సిద్ధాంతాలను 1909 నాటి రచనకు అన్వయించడం ఎంతవరకు ఉచితమనే సందేహం రావచ్చు. గురజాడకు ఈ సిద్ధాంతాలు తెలిసి ఉండే అవకాశం లేదు. కానీ మనిషి మాటకూ నడతకూ మధ్య ఉన్న దూరాన్ని సూక్ష్మంగా చూసిన రచయిత ఆయన. నాటకంలో జరిగేదానికి పేరు పెట్టడానికీ, ఇంతవరకు అడగని ప్రశ్నను అడగడానికీ సిద్ధాంతం తోడ్పడితే చాలు. అంతకుమించిన అధికారాన్ని ఈ వ్యాసం దానికి ఇవ్వడం లేదు.

2. రచయిత ఆశయం:

విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారని గురజాడ తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నారు. ఆ సంఖ్య 1,034. వారిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసున్న పసికందులు కూడా ముగ్గురు ఉన్నారు. చదివే అలవాటు జనసామాన్యంలో వ్యాపించేవరకు ఇటువంటి విషయాలలో ప్రభావం చూపగలది రంగస్థలమేనని ఆయన అభిప్రాయం.

ఇది ఒప్పించడాన్ని గురించిన ఒక స్పష్టమైన నమ్మకం. సందేశం ఉంది, దానిని అందించే సాధనం ఉంది, చేరవలసిన ప్రేక్షకుడు ఉన్నాడు. కార్ల్ హావ్‌లాండ్, ఆయన సహచరులు 1953లో ప్రకటించిన గ్రంథంలో వైఖరుల మార్పును విశ్లేషించిన తీరు కూడా ఇదే: ఎవరు చెప్పారు, ఏమి చెప్పారు, ఎవరికి చెప్పారు. పీఠికలో అంత నమ్మకం ప్రకటించిన రచయిత, నాటకం లోపల మాత్రం వాదానికి ఎంత బలం ఇచ్చారో చూడవలసి ఉంది.

3. వాదం ఓడిన సందర్భాలు:

అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లకు ఇవ్వడానికి నిశ్చయించాడు. పెద్దకూతురు బుచ్చమ్మను అలాగే ఇచ్చి, ఆమె వైధవ్యాన్ని ఇంట్లోనే చూస్తున్న తండ్రి అతను. తన నిర్ణయం తప్పని చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. భార్య వెంకమ్మ చావుకు సిద్ధపడినా, బావమరిది కరటకశాస్త్రి అభ్యంతరం చెప్పినా అతని పట్టుదల పెరిగిందే గాని తగ్గలేదు. తన స్వేచ్ఛకు అడ్డు తగులుతున్నారని భావించిన వ్యక్తి, కాదన్న పనినే మరింత గట్టిగా పట్టుకుంటాడని జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. అవధాన్ల కోపం అచ్చంగా ఆ కోవకు చెందినది.

లుబ్ధావధాన్లు సుబ్బి సంబంధాన్ని వదులుకోవడానికి కారణమూ బోధ కాదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తక్కువ సొమ్ముకు వచ్చే పెళ్లికూతురుగా చూపించాడు. ముసలివాడి లోభమే సుబ్బిని కాపాడింది. పసిపిల్లను కొనడం తప్పన్న భావన అతనిలో కలగలేదు. ధర మాత్రమే మారింది.

ఈ నాటకంలో కన్యాశుల్కం తప్పని వాదన విని మనసు మార్చుకున్న ఛాందసుడు ఒక్కడూ కనిపించడు. ఎత్తుగడ, లోభం, భయం - ఇవే కథను నడిపిస్తాయి. పీఠికలోని ఆశకు, నాటకంలోని అనుభవానికి మధ్య ఉన్న ఈ వ్యత్యాసం రచయిత లోపం కాదు. వైఖరులు ఎంత మొండివో ఆయనకు తెలుసుననడానికి నిదర్శనం.

4. గిరీశం - మాటకు, నడతకు మధ్య దూరం:

నాటకంలో ఒప్పించే విద్యలో ఆరితేరినవాడు గిరీశం. వితంతువివాహం గురించి అతను వెంకటేశానికి చేసే బోధ నిజానికి బుచ్చమ్మ చెవిన పడడానికే. తనను ఉద్దేశించి చెప్పడం లేదనుకున్నప్పుడు వినేవారు ఎదురువాదానికి దిగరు. చెప్పేవాడికి స్వార్థం ఉందని అనుమానించరు. యాదృచ్ఛికంగా చెవిన పడిన మాటకు ఉండే ఈ ప్రత్యేక ప్రభావాన్ని ఎలైన్ వాల్‌స్టర్, లియోన్ ఫెస్టింగర్ 1962లో ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. చివరకు బుచ్చమ్మ ఇల్లు విడిచి రావడానికి అంగీకరించడం వెనుక చెల్లెలి పెళ్లి తప్పించాలన్న ఆరాటం ఉంది. ఆమె మంచితనాన్నే గిరీశం పనిముట్టు చేసుకున్నాడు.

డేనియల్ కాట్జ్ 1960లో వైఖరులు మనిషికి చేసిపెట్టే పనులను నాలుగు విధాలుగా వర్గీకరించాడు: లాభం చేకూర్చడం, అహాన్ని రక్షించడం, విలువలను వ్యక్తం చేయడం, లోకాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడడం. గిరీశం సంస్కరణాభిమానం మొదటి రెండు పనులనూ చేస్తుంది. మధురవాణి చేజారాక వేశ్యావ్యతిరేకత అతని అహానికి ఆసరా. సౌజన్యారావు వంటి పెద్దల ప్రాపకానికి అదే దారి. విలువల వ్యక్తీకరణగా కనిపించడమే దాని నైపుణ్యం.

ఇక్కడే నాటకంలోని అసలు సమస్య మొదలవుతుంది. గిరీశం మాటలకు మోసపోయినవారిలో అమాయకురాలైన బుచ్చమ్మ ఒక్కతే లేదు. విద్యావంతుడు, న్యాయవాది, నిజాయితీపరుడు అయిన సౌజన్యారావు కూడా ఉన్నాడు.

5. సౌజన్యారావు - పేరును చూసిన తీర్పు:

సౌజన్యారావు వేశ్యలతో ఎటువంటి సంపర్కమూ కూడదన్న నియమం గలవాడు. 1890ల నాటి మద్రాసు రాజధానిలో సాగిన యాంటీనాచ్ ఉద్యమం ఆ వైఖరికి నేపథ్యం. ఆయన చిత్తశుద్ధిని శంకించవలసిన పనిలేదు. శంకించవలసింది ఆయన వాడే కొలబద్దను. గిరీశం నోట సరైన మాటలు వినిపించాయి కనుక అతనిని నమ్మాడు. మధురవాణికి వేశ్య అనే పేరు ఉంది కనుక ఆమెను దూరం పెట్టాడు. రెండు సందర్భాలలోనూ మనిషి నడత కొలతకు రాలేదు. మొదటిచోట మాట, రెండవచోట పేరు, నడత స్థానాన్ని ఆక్రమించాయి.

నడతను కొలబద్దగా తీసుకుంటే ఫలితం తారుమారవుతుంది. సుబ్బి పెళ్లి తప్పించే ఎత్తుగడలో కరటకశాస్త్రికి తోడ్పడింది, మాయపెళ్లికి తన కంటెను అరువిచ్చింది మధురవాణి. కన్యాశుల్కాన్ని ఆపడంలో ఉపన్యాసకుడైన గిరీశం కంటె ఆమె చేసిన పనే ఫలించింది.

రిచర్డ్ లపియర్ 1934లో ప్రకటించిన అధ్యయనం ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఒక చైనా దంపతుల జంటతో ఆయన అమెరికాలో విస్తృతంగా పర్యటించాడు. 251 భోజన, వసతి గృహాలలో ఒక్కచోట మాత్రమే వారికి ప్రవేశం నిరాకరించారు. తరువాత ఆ యజమానులకే ఉత్తరాలు రాసి, చైనీయులను అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా అంగీకరించమన్నారు. ఎదుట మనిషి ఉన్నప్పుడు ఒక తీరు, జాతి పేరు మాత్రమే ఉన్నప్పుడు మరొక తీరు. సౌజన్యారావు విషయంలో గురజాడ చేసిన రంగస్థల ప్రయోగం దీనికి దగ్గరగా ఉంది. మధురవాణి పురుషవేషంలో ఆయన ఇంటికి వచ్చింది. వేశ్య అనే పేరు తెరమరుగు కాగానే ఆయన ఆమెతో తడబాటు లేకుండా మాట్లాడగలిగాడు. ఆమె తెలివిని గుర్తించగలిగాడు.

6. సంపర్కం - మినహాయింపు:

గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రకటించిన గ్రంథంలో, వర్గాల మధ్య సంపర్కం దురభిప్రాయాన్ని తగ్గించాలంటే కొన్ని పరిస్థితులు ఉండాలన్నాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, వ్యవస్థల మద్దతు. సౌజన్యారావు, మధురవాణుల సమావేశంలో మొదటి మూడు కనిపిస్తాయి. వేషం సమాన హోదాను ఇచ్చింది. హత్యానేరంలో చిక్కుకున్న లుబ్ధావధాన్లను విడిపించడం ఉమ్మడి లక్ష్యం. కేసుకు కావలసిన రహస్యం ఆమె దగ్గర ఉంది, దానిని వాడుకోగల విద్య ఆయన దగ్గర ఉంది. నాలుగవది మాత్రం లేదు. వేశ్యతో స్నేహాన్ని ఆమోదించే వ్యవస్థ ఏదీ ఆ గది బయట లేదు. సమాన హోదా సైతం వేషం ఉన్నంతసేపు నిలిచేదే.

వేషం తొలగిన తరువాత సౌజన్యారావులో మార్పు వచ్చిన మాట నిజం. ఒక నిరపరాధిని కాపాడడానికి తన నియమాన్ని సడలించి ముద్దుకు అంగీకరించే స్థితికి వచ్చాడు. అయితే ఆ మార్పు మధురవాణి అనే వ్యక్తి పట్ల వచ్చినదా, ఆమె వర్గం పట్ల వచ్చినదా? తన అభిప్రాయానికి సరిపడని మనిషి ఎదురైనప్పుడు, ఆ మనిషిని మాత్రం మినహాయించి, మిగిలిన వర్గం చుట్టూ కంచెను తిరిగి బిగించుకోవడం దురభిప్రాయపు స్వభావమని ఆల్‌పోర్ట్ గుర్తించాడు. అలాంటి మినహాయింపు పొందిన మనిషికి గౌరవం దక్కుతుంది. వర్గానికి ఏమీ దక్కదు.

నాటకంలో ఈ ప్రశ్నకు సమాధానం సూచించే వస్తువు ఒకటి ఉంది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇచ్చాడు. ఆ కానుక వెనుక ఆదరం ఉంది. అదే సమయంలో, ఆమె మారవలసినదన్న భావనా ఉంది. శ్రీకృష్ణుడు కూడా యాంటీనాచేనా అన్న అర్థం వచ్చేలా మధురవాణి వేసే ప్రశ్నను చమత్కారంగా మాత్రమే తీసుకోవడం చాలదు. నన్ను అంగీకరించేది నేను మారిన తరువాతనా, మారకముందేనా అన్న ప్రశ్న ఆ హాస్యంలో దాగి ఉంది.

7. మధురవాణి స్వీయభావన:

సమాజం నిందార్థంలో వాడే పేరును మోసేవారు ఆ నిందను తమ స్వీయభావనలోకి స్వీకరిస్తారా అన్నది సామాజిక మనోవిజ్ఞానం తరచు చర్చించే విషయం. మధురవాణి తన వృత్తి పట్ల లోకం దృష్టిని ఎరుగును. దానిపై పరిహాసమూ ఆడగలదు. కానీ ఆమె తనను తాను తక్కువ చేసుకోదు.

సౌజన్యారావు ముద్దుకు అంగీకరించిన తరువాత ఆమె తన షరతును వదులుకుంది. అందుకు ఆమె చెప్పిన కారణం గమనార్హం. చెడిపోనివారిని చెడగొట్టవద్దని తన తల్లి నేర్పిందట. ఆ తల్లి కూడా వేశ్యే. అంటే నాటకంలోని అత్యున్నతమైన నైతిక నిర్ణయం ఏ సంస్కర్త ఉపన్యాసం నుండో, ఏ గ్రంథం నుండో వచ్చినది కాదు. సంస్కర్తలు నీతిబాహ్యమని వెలివేసిన ఇంటి పెంపకం నుండే వచ్చింది. మధురవాణి తన వర్గానికి అపవాదం కాదనీ, ఆ వర్గంలోనూ నియమం ఉందనీ ఈ ఒక్క మాట చెబుతుంది. ఆ మాట తరువాత గీతను అందించిన సౌజన్యారావు దానిని పూర్తిగా విన్నాడా అన్నది సందేహమే. ఆమెలోని మంచికి మూలాన్ని ఆమె తల్లి వద్ద వెదకడానికి ఆయనకు సాధ్యపడలేదు. సగమే నెగ్గాడనడానికి కారణం ఇదే.

8. నాటకం వెలుపల:

ఈ సగం గెలుపు ఒక కల్పితపాత్రకు పరిమితమైనది కాదు. రెండవ కూర్పు వెలువడిన మరుసటి ఏడాది, 1910లో, ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్ల సంస్థ ద్వారా ప్రచురింపజేసింది. అంతకు ముందు కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్నీ, వేశ్య అయిన కవయిత్రినీ నిందించారు. శృంగారవర్ణన పురుషకవులకు దోషం కానప్పుడు ఒక స్త్రీకి ఎలా దోషమవుతుందన్నది నాగరత్నమ్మ ప్రశ్న. ప్రభుత్వం 1911లో ఆ గ్రంథంపై చర్యకు దిగింది. నిషేధం 1947లో గాని తొలగలేదు. వితంతువుల పక్షాన అంత సాహసంగా నిలిచిన సంస్కర్త, ఒక కావ్యాన్ని కవయిత్రి వర్గంతో ముడిపెట్టి చూశారు. ఒక విషయంలో దురభిప్రాయాన్ని జయించినవారు మరొక విషయంలోనూ జయించి ఉంటారనుకోవడం పొరపాటు.

ఆ 1947లోనే మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. బాలికల రక్షణకు అటువంటి చట్టం అవసరమే. కానీ మచ్చను పోగొట్టడం చట్టం చేయగల పని కాదు. వృత్తి పోయినా పేరు వెంటాడడం కళావంతుల కుటుంబాలకు అనుభవమే.

9. ముగింపు:

• కన్యాశుల్కంలో సదాచార వాదన వల్ల మారిన ఛాందసుడు లేడు. వైఖరుల మొండితనాన్ని నాటకం పీఠిక కంటె లోతుగా చూపింది.

• గిరీశాన్ని నమ్మడం, మధురవాణిని దూరం పెట్టడం సౌజన్యారావు చేసిన రెండు వేర్వేరు పొరపాట్లు కావు. నడతను వదిలి మాటనూ పేరునూ కొలిచిన ఒకే దోషానికి రెండు రూపాలు.

• మధురవాణితో సంపర్కం సౌజన్యారావును మార్చింది. ఆ మార్పు ఒక వ్యక్తికి ఇచ్చిన మినహాయింపు దగ్గర ఆగింది.

• మధురవాణి నైతికతకు మూలం ఆమె వర్గంలోనే ఉందని నాటకం చెప్పింది. విమర్శ ఆమెను బురదలో పుట్టిన కమలంగా కీర్తించినంతకాలం సౌజన్యారావు వేసిన కంచెనే తానూ వేస్తుంది.

ఒకరిని మెచ్చుకుంటూనే వారి వారందరినీ తక్కువ చేయడం నేటికీ మన మాటలలో వినిపించే ధోరణి. ఎవరినైనా "మీవాళ్లలా కాదు మీరు" అని ప్రశంసించే ప్రతిసారీ ఆ కంచె మళ్లీ లేస్తుంది. మధురవాణి తన తల్లి పేరు చెప్పి తిరస్కరించింది సరిగ్గా అటువంటి ప్రశంసనే.