పీల్చిన మందు ఎక్కడ పడింది?

ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ పంపును ఒకసారి నొక్కితే వెలువడే మందులో ఊపిరితిత్తుల దాకా వెళ్లేది కొంచెమే. మామూలు పంపును నేరుగా నోట్లో పెట్టుకుని పీలిస్తే ఆ వాటా 10 నుంచి 20 శాతం. మిగతాదంతా నాలుక మీద, అంగిట్లో, గొంతు వెనక గోడ మీద పడి, ఉమ్మితో కలిసి కడుపులోకి జారుతుంది. ఈ మందు తెచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం ఈ పంపకంలోనే ఉంది. గొంతులో దిగబడింది ఒక రకం ఇబ్బంది పెడుతుంది, రక్తంలో కలిసింది మరో రకం. మొదటిది తరచుగా కనిపిస్తుంది, ప్రమాదం తక్కువ. రెండోది అరుదు, మోతాదు పెరిగినకొద్దీ పెరుగుతుంది. ‘స్టెరాయిడ్’ అన్న మాట వినగానే జనం ఈ రెంటినీ కలిపేసి భయపడతారు. నిజానికి ఆ భయం పుట్టింది మాత్రల కాలంలో.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన రోగికి కార్టిజోన్ ఇచ్చి లేపి నడిపించింది. రెండేళ్లకే ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బస రోగులకూ ఆ మందుతో ఊపిరి ఆడింది. అయితే నెలల తరబడి మింగినవాళ్ల ముఖాలు ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, చక్కెర పెరిగింది. మందును ఊపిరితిత్తుల్లోకే పంపితే పోదా అన్న ఆలోచన అక్కణ్ణుంచే వచ్చింది. డెక్సామెథసోన్‌ను తుంపరగా ఇచ్చి చూస్తే అదీ రక్తంలోకి ఇంకిపోయి పాత తిప్పలే తెచ్చింది. కావలసింది తగిలిన చోట బలంగా పనిచేసి, రక్తంలోకి వెళ్లగానే చచ్చుబడిపోయే పదార్థం. అలాంటివి చర్మానికి రాసే లేపనాల్లో దొరికాయి. వాటి వంశానికే చెందిన బెక్లోమెథసోన్‌ను పంపులో నింపి ఇచ్చిన ఫలితాలను ఇంగ్లండులోని డెర్బీలో పనిచేసే హ్యారీ మారో బ్రౌన్ బృందం 1972లో ప్రకటించింది. ఏళ్ల తరబడి మాత్రల మీదే బతికిన చాలామంది వాటిని మానగలిగారు. బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్, సిక్లెసొనైడ్ ఆ దారిన తర్వాత వచ్చినవే.

పరిమాణంలో తేడా కూడా చూడాలి. ప్రెడ్నిసొలోన్ చిన్న మాత్ర 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. బ్యుడెసొనైడ్ ఒక పీల్పు సాధారణంగా 100 నుంచి 400 మైక్రోగ్రాములు. మందుకూ మందుకూ బలం వేరు కాబట్టి అంకెకు అంకె పోల్చడం సరికాదు గానీ, కొలత ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 200–400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్‌ను తక్కువ మోతాదుగా, 800 దాటితే ఎక్కువ మోతాదుగా లెక్కిస్తారు. ఈ వ్యాసంలో ‘ఎక్కువ మోతాదు’ అన్నచోటల్లా ఆ గీత గుర్తుంచుకోవాలి.

మొదట గొంతు సంగతి. చాలామంది నోళ్లలో క్యాండిడా అనే బూజు ఎప్పుడూ ఉంటుంది, ఒంటి కాపలా దాన్ని అదుపులో పెడుతుంది. రోజూ స్టెరాయిడ్ పొడి పడేచోట ఆ కాపలా సడలుతుంది. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు మీగడలాంటి తెల్లపూత కడుతుంది. గీకితే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపిస్తుంది. కారం తగిలితే మంట, అన్నం రుచి తెలియదు. కట్టుడు పళ్లవాళ్లకు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు, అప్పుడే యాంటీబయాటిక్ వాడినవాళ్లకు ఇది సులభంగా పడుతుంది. నాలుగు రోజులు క్లోట్రిమజోల్ నోటిపూత రాస్తే తగ్గడం మొదలవుతుంది, పంపు ఆపాల్సిన పనిలేదు. రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. మందు పీల్చాక నోరు నీళ్లతో పుక్కిలించి, గొంతు గరగరలాడించి, ఉమ్మేయాలి. గుటక వేయకూడదు. వేస్తే నోరు శుభ్రమవుతుంది గానీ మందు కడుపుకు చేరుతుంది. పొద్దున, రాత్రి పళ్లు తోముకునే ముందు పంపు పీల్చే అలవాటు చేసుకుంటే ఈ కడుగుడు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన పని కాకుండా పోతుంది.

గొంతు బొంగురుపోవడం ఇంతకంటే మొండిది. బడి పంతుళ్లు, కూరగాయలు అరిచి అమ్ముకునేవాళ్లు, హరికథలు చెప్పేవాళ్లు, పాటగాళ్లు పంపు మానేయడానికి ఎక్కువసార్లు ఇదే కారణమవుతుంది. స్వరతంత్రుల మీద పడిన మందు వాటిని దగ్గరికి తెచ్చే చిన్న కండరాలను బలహీనపరుస్తుందని ఒక వివరణ. తంత్రులు పూర్తిగా కలవక గాలి జారి స్వరం జీరబోతుంది. పుక్కిలించడం ఇక్కడ పెద్దగా పనికిరాదు. కారణం సులభం: పుక్కిలించిన నీళ్లు స్వరపేటిక దాకా దిగవు, దిగితే పొలమారుతుంది! మోతాదు తగ్గించడం, పంపు రకం మార్చడం, ఊపిరితిత్తుల్లోకి చేరాకగానీ చురుకుదనం పుంజుకోని సిక్లెసొనైడ్‌కు మారడం — ఈ మూడింటిలో ఒకటి చాలామందికి పనిచేస్తుంది. మందు ఆపితే గొంతు మళ్లీ తేటపడుతుంది, శాశ్వతంగా పోదు. జీర మూడు వారాలు దాటితే నెపం పంపు మీదికి నెట్టకుండా చెవి–ముక్కు–గొంతు డాక్టరుకు చూపించుకోవడం మంచిది, ముఖ్యంగా పొగతాగేవాళ్లు.

మందు గొంతులో దిగబడటానికి పెద్ద కారణం పీల్చే తీరు. నొక్కుడు పంపులో మందు చాలా వేగంగా దూసుకొస్తుంది. పీల్పు దానితో కలవకపోతే గోడకు కొట్టిన బంతిలా గొంతుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. నొక్కుడూ పీల్పూ ఒకేసారి మొదలవ్వాలి, పీల్పు నెమ్మదిగా, లోతుగా సాగాలి, తర్వాత పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊపిరి బిగబట్టాలి. పొడి పంపుకు సరిగ్గా దీనికి వ్యతిరేకం: దాన్ని గట్టిగా, వేగంగా లాగాలి. ఒకటి వాడి రెండోదానికి మారినవాళ్లు తికమకపడేది ఇక్కడే. పొడి క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టి పీల్చాలని చెప్పకపోతే, క్యాప్సూల్ అన్నాక మింగేదేగా అని నీళ్లతో మింగేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మందు ‘పడలేదు’ అని డాక్టరు మోతాదు పెంచితే కథ ఇంకో అడుగు పక్కకు పోతుంది.

నొక్కుడు పంపుకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. మందు ఆ గొట్టంలో వేగం తగ్గించుకుంటుంది, పెద్ద బిందువులు గోడలకే అంటుకుంటాయి, సన్నవి లోపలికి వెళ్తాయి. గొంతులో పడేది బాగా తగ్గుతుంది. కొత్త ప్లాస్టిక్ గొట్టంలో స్థిరవిద్యుత్తు ఉండి మందును తనవైపు లాక్కుంటుంది. గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ఆ రాపిడికి విద్యుత్తు మళ్లీ పుడుతుంది. ఇంతటి చిన్న సంగతి మందుల చీటీ మీద రాసే డాక్టర్లు ఎందరున్నారు?

కడుపుకు చేరిన మందు పేగుల్లోంచి ఇంకి ముందుగా కాలేయానికి వెళ్తుంది. కొత్త తరం మందుల గొప్ప ఇక్కడే. మింగిన ఫ్లూటికసోన్‌లో ఒక శాతం కూడా కాలేయం దాటి రక్తంలోకి రాదు, బ్యుడెసొనైడ్‌లో సుమారు 11 శాతం వస్తుంది. కానీ ఊపిరితిత్తుల్లోంచి ఇంకిన మందుకు ముందుగా కాలేయం గడప తొక్కే పని లేదు, అది నేరుగా రక్తంలో కలుస్తుంది. అంటే చక్కగా పీల్చేవాళ్ల రక్తంలోకే మందు కాస్త ఎక్కువ వెళ్తుంది. ఇందులో విరోధం ఏమీ లేదు: చక్కగా పీల్చేవాళ్లకు తక్కువ మోతాదు సరిపోతుంది, ఆ అవకాశాన్ని వాడుకోవాలి.

రక్తంలో కలిసిన స్టెరాయిడ్ మొదట తాకేది అధివృక్క గ్రంథులను. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని రోజూ కార్టిసాల్ తయారుచేసే ఈ గ్రంథులు, బయటినుంచి సరుకు వస్తోందని మెదడు సందేశం తగ్గించగానే పని మందగిస్తాయి. తక్కువ, మధ్యస్థ మోతాదుల్లో ఇది ప్రయోగశాల పరీక్షల్లో లీలగా కనిపించవచ్చు తప్ప మనిషికి తెలిసేంత ఉండటం అరుదు. ఎక్కువ మోతాదుల విషయం వేరు. బ్రిటన్ డాక్టర్లు 2002లో ప్రచురించిన సర్వేలో 28 మంది పిల్లలు, ఐదుగురు పెద్దలు అధివృక్క సంక్షోభంలో పడినట్లు తేలింది. పిల్లల్లో చాలామందికి చక్కెర ఒక్కసారిగా పడిపోయింది, కొందరికి మూర్ఛలొచ్చాయి. అందరూ రోజుకు 500 నుంచి 2,000 మైక్రోగ్రాములు పీలుస్తున్నవాళ్లే, అత్యధికులు వాడింది ఫ్లూటికసోన్. అంతుచిక్కని నీరసం, వాంతులు, బరువు తగ్గడం, జ్వరంలో మరీ సొమ్మసిల్లిపోవడం కనిపిస్తే అధిక మోతాదు వాడేవాళ్ల విషయంలో ఇది గుర్తుకు రావాలి.

మోతాదు తక్కువైనా ఇదే జరిగే దారి ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఈ మందులను విరగ్గొట్టే కాలేయపు ఎంజైమును కొన్ని మందులు కట్టిపడేస్తాయి. హెచ్‌ఐవీకి ఇచ్చే రిటోనవిర్, బూజు జబ్బులకు ఇచ్చే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ అలాంటివి. తామరకు ఇట్రాకొనజోల్ మాత్రలు నెలల తరబడి వాడటం మన దగ్గర ఇప్పుడు సర్వసాధారణం. చర్మం డాక్టరుకు పంపు సంగతి, ఊపిరితిత్తుల డాక్టరుకు తామర సంగతి చెప్పకపోతే మామూలు మోతాదు ఫ్లూటికసోన్‌తో కూడా ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట పెరగడం మొదలుకావచ్చు. ఇలాంటి మందులతో పాటు పంపు వాడాల్సి వస్తే బెక్లోమెథసోన్ వైపు మొగ్గేది అందుకే.

తల్లిదండ్రులు ముందుగా అడిగేది పొడుగు గురించి. ఆ అడగడం సబబే. అమెరికాలో 5–12 ఏళ్ల పిల్లలు వెయ్యిమందికి పైగా పాల్గొన్న క్యాంప్ పరిశోధనలో కొందరికి రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్‌ను నాలుగు నుంచి ఆరేళ్లు ఇచ్చారు. వాళ్లు పెద్దయ్యాక కొలిస్తే, మందు లేని గొట్టం పీల్చినవాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా తేలారు. 2012లో వెలువడిన ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది: వెనకబాటు మొదటి రెండేళ్లలోనే జరిగింది, ఏటేటా పెరుగుతూ పోలేదు. రాత్రంతా పిల్లికూతలతో నిద్రలేక, నెలకోసారి మాత్రల స్టెరాయిడ్ మింగే పిల్లవాడి ఎదుగుదల అంతకంటే ఎక్కువే దెబ్బతింటుంది. ఒక సెంటీమీటరు చిన్నదేమీ కాదు, దాచాల్సిందీ కాదు. ఆరు నెలలకోసారి పిల్లల ఎత్తు కొలిచి రాసుకోవడం డాక్టరు పనుల్లో ఒకటి.

మిగిలినవి క్లుప్తంగా. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి పీల్చిన పెద్దవాళ్లలో కంటి శుక్లాలు ఎక్కువగా కనిపించాయని ఆస్ట్రేలియాలో 1997లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కుటుంబంలో నీటికాసులు ఉన్నవాళ్లు కంటి ఒత్తిడి చూపించుకుంటుండాలి. ముసలివాళ్ల చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ఎముకలు తక్కువ మోతాదులో క్షేమం. న్యుమోనియా భయం ఎక్కువగా పొగతో పాడైన ఊపిరితిత్తులవాళ్లది, అంటే సీవోపీడీ రోగులది. గర్భిణులు పంపు మానకూడదు. తల్లికి ఆయాసం వస్తే బిడ్డకూ ప్రాణవాయువు తగ్గుతుంది, బ్యుడెసొనైడ్ వాడకంపై దశాబ్దాల అనుభవం భరోసాగానే ఉంది.

చేయని తప్పుకు స్టెరాయిడ్ మాట పడే సందర్భాలూ ఉన్నాయి. చేతులు వణకడం, గుండె దడ సాల్బుటమాల్ ఉన్న నీలం పంపువో, కలిపి ఇచ్చే ఫార్మోటెరాల్‌వో. ‘అలవాటు పడిపోతారు’ అన్నది మరో మాట. ఆపితే ఉబ్బసం తిరగబెట్టడం జబ్బు ఇంకా ఉందనడానికి గుర్తు, బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్లే. విచిత్రమేమిటంటే పంపును చూసి బెదిరే మనిషే ఊళ్లో ఆరెంపీ దగ్గర ఏటా నాలుగైదు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు వేయించుకుంటాడు, పేరులేని పొట్లాల పొడి తింటాడు. అసలు భయపడాల్సిన స్టెరాయిడ్ అక్కడ ఉంది. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను పిల్లతో మందు మింగడానికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చేవాళ్ల నమ్మకం వాళ్లది. ఆ రోజునుంచి రోజువారీ పంపు పక్కన పెట్టేస్తే మాత్రం ప్రమాదం.

ప్రమాదమన్న మాటకు కెనడా లెక్క ఆధారం. సస్కాచివాన్ రాష్ట్రపు మందుల రికార్డులతో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో వాడిన ఒక్కో స్టెరాయిడ్ డబ్బాకూ ఉబ్బసపు మరణం ముప్పు 21 శాతం చొప్పున తగ్గింది. మానేసిన మొదటి మూడు నెలల్లో మరణాలు ఎక్కువయ్యాయి. లాభంలో ఎక్కువ భాగం తక్కువ మోతాదులోనే దక్కుతుంది, ఆపైన మందు రెట్టింపు చేసినా లాభం కొసరే, ఇబ్బంది మాత్రం పెరుగుతూ పోతుంది. అందుకే మూడు నెలలు ఆయాసం లేకుండా గడిస్తే మోతాదును పావు వంతో సగమో తగ్గించి చూడటం పద్ధతి. 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్వల్ప ఉబ్బసానికి అవసరమైనప్పుడే బ్యుడెసొనైడ్–ఫార్మోటెరాల్ పీల్చడాన్నీ ఒప్పుకున్నాయి. దానివల్ల ఏడాది మొత్తం మీద ఒంటికి చేరే స్టెరాయిడ్ ఇంకా తగ్గుతుంది.

మోతాదు పెంచే ముందు డాక్టరు ఎదుట పంపు తీసి పీల్చి చూపించాలి. ఎక్కువ మోతాదులో ఏళ్లుగా ఉన్నవాళ్లు ఆ సంగతిని ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చెప్పాలి, మందు పేరూ మైక్రోగ్రాములూ రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి.