మాయాబజారు విడిదిలో మధ్యాహ్న భోజనం

ఈమధ్య మన ఊళ్ళలో భోజనానికి వేషాలొచ్చాయి. ఒకచోట జైలు ఊచల వెనక కూర్చోబెట్టి మండీ పళ్ళెం పెడతారు, ఖైదీ బట్టలేసుకున్న కుర్రాడు వడ్డిస్తాడు. ఇంకోచోట పాత రైలు పెట్టెకు రంగులేసి, బల్లలు బిగించి టీ, టిఫిన్, భోజనం అమ్ముతారు. 2020 ఫిబ్రవరిలో అసన్‌సోల్ స్టేషన్లో మొదలైన ఈ రైలు పెట్టె హోటళ్ళు 2023కల్లా మన కాచిగూడకూ వచ్చేశాయి. కూకట్‌పల్లిలో పుట్టిన ప్లాట్‌ఫామ్ 65లో అయితే వంటింట్లోంచి బొమ్మ రైలే పట్టాల మీద పళ్ళేలు మోసుకొస్తుంది.

వీటిని చూసి పెదవి విరిచే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను ఆ జట్టులో లేను. అన్నం తినేచోట కాసేపు ఆడుకోవాలనిపించడం మనిషికి ఉన్న మంచి కోరికల్లో ఒకటి. అయితే ఆడిన ప్రతిచోటా ఆట పండదు. ఎక్కడ పండుతుందో, ఎందుకు పండుతుందో తెలుసుకోవడానికి మనం సీమలు దాటి వెళ్ళక్కర్లేదు. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో మగపెళ్ళివారి కోసం కట్టిన విడిది ఉంది చూడండి, వింత భోజనశాలల్లో అంతకు మించింది నాకింతవరకు కనబడలేదు. అది తెరమీదే ఉందన్న మాటేగానీ, తెలుగువాళ్ళం మూడు తరాలుగా అందులో కూర్చుని తింటూనే ఉన్నాం.

ఆ విడిదిలో సామాను ఊరికే ఉండదు. రమణారెడ్డి చినమయ్య, అతని శిష్యులు లంబు, జంబు కలిసి సృష్టించిన ఇల్లది. పరిచిన గింబళి అనే కంబళి, వేసిన గిల్పం అనే తల్పం అతిథుల్ని నిలవనివ్వవు, కూర్చోనివ్వవు, పడుకోనివ్వవు. వంగర, అల్లు రామలింగయ్య శాస్త్రి, శర్మలుగా వచ్చి ఆ ఇంటి చేతిలో పడే పాట్లు చూడండి. నవ్వంతా వాళ్ళ గాంభీర్యంలో ఉంది. వాళ్ళు ఆ ఇంటిని నిజమని నమ్మారు కాబట్టే మనకు నవ్వొస్తుంది. జైలు ఊచల మధ్య మండీ తినేటప్పుడు నాకు దొరకనిది ఇదే. ఆ ఊచలు ఏమీ చెయ్యవు. పళ్ళెంలో మాంసానికీ గోడమీద సంకెళ్ళకూ మాటల్లేవు. ఫోటో తీసుకున్నాక ఆ గది పని అయిపోతుంది, మనం మాత్రం ఇంకా తింటూ ఉంటాం.

ఇక విందు. ఘటోత్కచుడు వంటశాలలోకి వస్తాడు. ఎదురుగా గారెలు, బూరెలు, అరిసెలు, లడ్డూలు, జిలేబీలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. పళ్ళెంలోంచి లడ్డూలు తమంతట తామే లేచి, వరసగట్టి, ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్ళిపోతాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్నమాటే లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన పని అది. ఈ దృశ్యంలో నేను మళ్ళీ మళ్ళీ చూసేది లడ్డూలను కాదు, రంగారావు కళ్ళను. ఒక వంటకం దగ్గరనుంచి ఇంకో వంటకం దగ్గరికి ఆ చూపు నడిచే తీరు చూడండి. ఆశ ముందు కళ్ళలో పుట్టి, బుగ్గల్లోకి దిగి, అక్కణ్ణించి నవ్వుగా పగులుతుంది. అంత భారీ మనిషి, భుజాన గద మోసే రాక్షసుడు, పిండివంటల ముందు పండగపూట పసివాడవుతాడు. ఆకలి లేదక్కడ, ఉన్నది ఉత్సాహం. తినడం మొదలుపెట్టకముందే ఆ మనిషి సగం తృప్తిపడ్డాడని ముఖం చెబుతుంది.

ఈ విందు పాటలో ఆ ముఖానికి గొంతిచ్చింది మాధవపెద్ది సత్యం. ఆయనది పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు. పాట మధ్యలో వచ్చే ఆ నవ్వును ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. పాటకు అంటించిన నవ్వులా ఉండదు, పాటలోని మాటలే ఉబ్బి నవ్వయిపోతున్నట్టు ఉంటుంది. 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్రోజ్ రికార్డు చేసిన నవ్వుల పాటకూ ఈ బాణీకీ చుట్టరికం కలిపేవాళ్ళున్నారు. ఉంటే ఉండనివ్వండి. ఆ పాటలో నవ్వేది ఒక పోలీసు, ఇక్కడ నవ్వేది ఒక భోక్త. నవ్వుకు నెయ్యి వాసన పట్టింది ఇక్కడికి వచ్చాకే.

ఈ విడిది వెనక మన మట్టి మనుషులు ఎందరున్నారో తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. నాగిరెడ్డితో కలిసి ఈ సినిమా తీసిన చక్రపాణిది తెనాలి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన మనిషి, 1947లో చందమామ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. పిల్లలకు కథ చెప్పడం తెలిసినవాడికే ఇలాంటి ఇల్లు కట్టాలన్న ఊహ వస్తుంది. కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం చేసిన మా. గోఖలేది కూడా సత్యంగారి ఊరే, బ్రాహ్మణకోడూరు. ఆయన చిత్రకారుడు, కథకుడూను. ఒకే పల్లెటూరి ఇద్దరిలో ఒకరు ఆ మాయాలోకపు గోడలు గీశారు, ఇంకొకరు అందులో కూర్చుని పాడారు.

వేషం కట్టడమనే విద్య ఈ నేలకు కొత్త కాదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా వచ్చి నిలబడితే, ఆయన మగవాడని తెలిసిన ప్రేక్షకులే ఆ సంగతి మరిచిపోయేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాదే మాయాబజార్. అందులో సావిత్రి చేసింది స్థానంవారి విద్యకు తలకిందుల రూపం. పెళ్ళికూతురి రూపమెత్తిన ఘటోత్కచుడామె. ఆడమనిషి శరీరం, లోపల మగ రాక్షసుడు. సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ ఉన్నట్టుండి ఛాతీ విరుచుకు నడుస్తుంది, గుర్తుకొచ్చి మళ్ళీ తల వంచుకుంటుంది. పెళ్ళిపీటల మీద రేలంగి లక్ష్మణకుమారుడి కాలు ఎంత నిబ్బరంగా తొక్కుతుందో! వేషం ఎక్కడ కొంచెం జారుతుందో అక్కడే రసం. స్థానంవారి ఆటలు చూసిన తరం ఇంకా థియేటర్లలో కూర్చుని ఉండగా ఈ సినిమా వచ్చింది. ఆ ప్రేక్షకులకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన అవసరం ఏముంది?

ప్రపంచంలో వింత టీ గదులన్నిటికీ మూలపుటమ్మ ఒకటుంది. 1865లో లూయిస్ కారల్ రాసిన ఆలిస్ కథలో పిచ్చి టోపీవాడి టీ విందు. అక్కడ గడియారం ఆరు దగ్గరే ఆగిపోయింది, అందుకని ఎప్పుడూ టీ వేళే. ఆలిస్‌ను పానీయం తీసుకోమంటారు, చూస్తే బల్లమీద అది ఉండదు. మన విడిదిలోనూ అతిథులకు జరిగే మర్యాద ఇంచుమించు ఇదే. వండిందంతా ఘటోత్కచుడే ఊడ్చేస్తాడు. కానీ తేడా చాలా ఉంది. కారల్ బల్ల మీద తర్కం ఆడుకుంటుంది, మాటలు మాటల్ని ఓడిస్తాయి, ఆలిస్ విసుగెత్తి లేచి వెళ్ళిపోతుంది. మన విందులో గారె గారెలాగే ఉంటుంది. అరిసెకు నువ్వులుంటాయి. శర్మ, శాస్త్రి విందులో గోంగూర ఉందా లేదా అని ఆరా తీస్తారు! ద్వాపర యుగంలో, ద్వారకలో, కౌరవుల పెళ్ళివారికి గోంగూర లేకపోతే ముద్ద దిగదట. ఆ సన్నివేశం రాసిన పింగళి నాగేంద్రరావుకు చేతులెత్తి మొక్కాలి. చోటు ఎంత మాయదైనా వంట మాత్రం మన ఇంటిది. అందుకే ఆ మాయలో మనం దారి తప్పలేదు. నాలుక గుర్తుపట్టే రుచి ఒకటి పక్కనుంటే కన్ను ఎంత వింతనైనా నమ్ముతుంది.

ప్లాట్‌ఫామ్ 65 బొమ్మ రైలు నాకు నచ్చడానికి కారణం ఇప్పుడు చెప్పగలను. అది గోడమీది బొమ్మ కాదు, పనిచేస్తుంది. వస్తుంది, మన బల్ల పక్కన ఆగుతుంది, పళ్ళెం మనమే చెయ్యి చాచి దించుకోవాలి. ఆ ఒక్క క్షణం తినడానికి వచ్చినవాడు స్టేషన్లో నిలబడినవాడవుతాడు. పక్క బల్ల దగ్గర తాతలు కూడా మెడలు చాచి రైలు ఎటు పోతోందో చూస్తుంటారు. పిల్లలైతే అన్నం మానేసి రైలు కోసమే ఇంకొకటి తెప్పించమంటారు. లడ్డూ నడిచి నోటి దగ్గరికి రావడానికీ, పళ్ళెం రైలెక్కి రావడానికీ మధ్య ఉన్న బంధుత్వం పిల్లలకు మనకంటే ముందే తెలుసు.

ఏ వేషపు హోటల్లో కూర్చున్నా కంచంలోకి ఒకసారి తలవంచి చూడమని నా మనవి. తెల్లగా, సన్నగా, పొడిపొడిగా, ముట్టుకుంటే మెత్తగా ఉన్న ఆ అన్నం చాలాచోట్ల బాపట్లదే. బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి. ఆంధ్రలో, తెలంగాణలో, కర్ణాటకలో దశాబ్దాలుగా పండిస్తున్నారు. పంట చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది, తెగుళ్ళ బెడదా ఉంది, అయినా రైతు దాన్ని వదల్లేదు, తినేవాడూ వదల్లేదు. వేడి అన్నం మీద పప్పు వేసి, వేలితో గుంట చేసి, నెయ్యి పోస్తే ఆ మెతుకు నెయ్యిని మొత్తంగా మింగెయ్యదు. కాస్త లోపలికి తీసుకుని, కాస్త పైన మెరుపుగా ఉంచుకుంటుంది. ఆ మెరుపులో గోంగూర ముద్ద కలిపి మొదటి కబళం పెట్టుకున్నాక చుట్టూ ఏ లోకం గీసి ఉన్నా మనకు కృష్ణా డెల్టాయే.

ఆంధ్రా ప్యారిస్ అని పేరు పెట్టుకున్న తెనాలిలో ఈ విడిది లాంటి గది ఒకటి ఎందుకు ఉండకూడదు? పెద్ద హోటలక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం పెట్టి, ఆనక గాజు గ్లాసులో టీ ఇచ్చే చిన్న గది చాలు. గోఖలే గీతలు తెలిసిన చెయ్యి ఎవరిదైనా గోడలు గియ్యాలి. కుర్చీల్లో ఒక్కటైనా, కూర్చున్నవాణ్ణి కాస్త ఆటపట్టించాలి. బల్లలకు అంకెలు వద్దు, 1916 నుంచి మనకున్న రేపల్లె రైలు దారిలోని స్టేషన్ల పేర్లు పెట్టండి. వేమూరు బల్లకు రెండు గారెలు, భట్టిప్రోలు బల్లకు పప్పు, పల్లికోన బల్లకు ఇంకో టీ అని వంటింట్లోకి కేక వినబడాలి. చిట్టచివరి బల్ల రేపల్లె. అక్కడ కూర్చున్నవాళ్ళను తొందరపెట్టి లేపకూడదు, ఎందుకంటే ఆ పైన లైను లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో హోటలు పెట్టాలని చూస్తున్న అబ్బాయిలూ, అమ్మాయిలూ! జైలు ఊచలు కొనేముందు ఒక్కసారి మాయాబజార్ పెట్టుకుని ఆ విందు చూడండి. గోంగూర మాత్రం మర్చిపోకండి.