గోమారి ఉమ్మిలో ఉన్న పనితనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఆవును కడిగే ఎవరినడిగినా గోమార్లు ఎక్కడ దొరుకుతాయో చెప్తారు: గంగడోలు మడతల్లో, పొదుగు చుట్టూ, చెవి లోపల, తోక కింద. చర్మం పలచగా ఉండి, ఆవు నాలుక అందని చోట్లు ఇవి. గడ్డిపోచ కొసన కాచుకుని కూర్చునే పిల్ల గోమారి ముందుకాళ్ల చివర చిన్న గుంట ఉంటుంది. పశువు ఊపిరినీ, ఒంటి వేడినీ అక్కడినుంచే పసిగడుతుంది.

నోరు మాత్రం భూతద్దం కింద చూడాల్సిందే. రెండు సన్నని కత్తులు చర్మాన్ని కోస్తాయి. ఆ కోతలోకి దిగే ముక్కు పొడవునా వెనక్కి తిరిగిన ముళ్లు, గాలపు కొక్కెంలా. అదీ చాలక చాలా జాతులు ఉమ్మితోనే సిమెంటు చేసి చుట్టూ పోసుకుంటాయి.

అసలు గొప్పతనం ఆ ఉమ్మిదే. దోమ నిమిషాల్లో తాగి ఎగిరిపోతుంది. గోమారికి రోజులు కావాలి. అన్ని రోజులూ రక్తం గడ్డకట్టకూడదు, ఆవుకు దురద తెలియకూడదు. అందుకే గడ్డకట్టనివ్వని ప్రోటీన్లు, దురద పుట్టించే హిస్టమిన్‌ను పట్టి కట్టేసేవి, తెల్లకణాలను పిలిచే సంకేతాలను దారిలోనే అడ్డుకునే ఎవాసిన్లు అన్నీ అందులో ఉంటాయి. మన మందుల శాస్త్రజ్ఞులు వాపుల మందుకోసం ఈ ఎవాసిన్ల వెంట పడ్డారంటే ఆశ్చర్యమేముంది!

తాగిన రక్తంలోని నీటిని గోమారి మళ్లీ ఉమ్మిగా ఆవులోకే వదులుతుంది. రోగం దిగేదీ ఆ దారినే. అలా దిగిన బేబీసియా అనే సూక్ష్మజీవి ఎర్రకణాలను పగలగొడితే మూత్రం ఎర్రబడుతుంది. ఆవుల మీద ఉండే ఒక జాతి గోమారి మూడు వారాలు ఒకే పశువు మీద గడిపి, నేలరాలి, వేలల్లో గుడ్లు పెడుతుంది. బేబీసియాను ఆ గుడ్ల ద్వారానే పిల్లలకు అందిస్తుంది. గోమారి రోగాన్ని మోస్తుందని 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ రుజువు చేశారు. మూపురమున్న నాటు ఆవులు గోమార్లను బాగానే తట్టుకుంటాయి. హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్‌ఎఫ్), జెర్సీ సంకర పాడావులే ఎక్కువ నష్టపోతాయి.

విషం సంగతి వేరు. ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికాల్లో కొన్ని జాతుల ఆడ గోమారి ఉమ్మిలోని విషం కాళ్లతో మొదలై పైకి పాకే పక్షవాతం తెస్తుంది. ఊపిరి దాకా వెళ్తే ప్రాణాపాయం. మన ఆవులకు పట్టేవి ఆ జాతులు కావు. మనుషులకైతే పక్కనే కర్ణాటకలో, షిమోగా అడవుల్లో 1957లో బయటపడ్డ కోతి జ్వరం ముఖ్యంగా గోమారి ద్వారా వస్తుంది. చిత్తూరు జిల్లాలో వినిపించే స్క్రబ్ టైఫస్ మాత్రం గోమారిది కాదు, చిగ్గర్ అనే మైట్ పిల్ల పని. కుట్టిన చోట నల్లని పెచ్చు కట్టొచ్చు.

ఒంటికి గోమారి పట్టుకుంటే కిరసనాయిలు పోయకండి, బీడీతో కాల్చకండి. రేగిన గోమారి ఉమ్మిని ఇంకా వదలొచ్చు. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి, వేళ్లతో నలపకండి. ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరం వస్తే, గోమారి కుట్టిందన్న మాట డాక్టరుకు మీరే ముందు చెప్పండి.