ఆకుకే చిల్లు

2004 ఫిబ్రవరి 1, ఆదివారం రాత్రి. సూపర్ బౌల్ పేరు చెప్పి మా ఇంటి బేస్‌మెంటులో నాలుగు కుటుంబాల వాళ్ళం చేరాం. ఆ ఆట నియమాలు పెద్దవాళ్ళలో సగం మందికి అప్పటికీ సరిగ్గా తెలియవు. పిల్లలు విడమరచి చెబుతుంటే తలలూపుతూ, పులిహోర, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. హ్యూస్టన్‌లో న్యూ ఇంగ్లండ్, కెరొలైనా జట్ల మధ్య పోటీ. సగం ఆట అయ్యాక విరామంలో సంగీత కార్యక్రమం. చివరి పాట జానెట్ జాక్సన్, జస్టిన్ టింబర్లేక్ కలిసి పాడారు. పాట ముగుస్తుండగా అతను చెయ్యి చాచి ఆమె దుస్తుల పైభాగాన్ని పట్టుకు లాగాడు. కుడి రొమ్ము బయటపడింది. కెమేరా వెంటనే దూరం జరిగింది. ఆ దృశ్యం తెరమీద నిలిచింది సెకనులో పదహారింట తొమ్మిది వంతులేనని తరువాత కోర్టు కాగితాల్లో లెక్క తేలింది.

మా గదిలో ఆ క్షణాన్ని నిజంగా చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఒకాయన గబగబా లేచి టి.వి.కి అడ్డంగా నిలబడ్డాడు గాని, అప్పటికే తెరమీదకి మరేదో వచ్చేసింది. "ఏమిటిది, ఏమైంది?" అని మిగతావాళ్ళు. "సిగ్గులేని మనిషి, అంతమందిలో!" అని ఒకావిడ. "డబ్బు కోసం ఏమైనా చేస్తారు వీళ్ళు" అని ఇంకొకరు. ఆ మాటలన్నీ జానెట్ జాక్సన్ గురించే. అప్పుడు పదేళ్ళ పాప ఒకతె అడిగింది: "లాగింది ఆ అబ్బాయి కదా, అందరూ ఆవిణ్ణి తిడతారేం?"

ఎవరం జవాబు చెప్పలేదు. బజ్జీల పళ్ళెం ఆ పిల్ల వైపు జరిపాం. అప్పుడు చెప్పవలసిన జవాబును ఇన్నేళ్ళకు ఈ వ్యాసంలో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాం.

ముందు జరిగిన సంగతులు ఒకచోట పెట్టుకుందాం. ఆ రాత్రి ఆట చూసినవారు ఈ దేశంలో సగటున సుమారు 9 కోట్ల మంది. ఆ తరువాత ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమీషన్‌కు చేరిన ఫిర్యాదులు 5,40,000 పైచిలుకు. వాటిలో అత్యధికభాగం కొన్ని సంఘాలు పంపించిన అచ్చు ఉత్తరాలేనని సి.బి.ఎస్. సంస్థ కోర్టులో వాదించింది. ఏమైతేనేం, కమీషన్ ఆ సెప్టెంబరులో సి.బి.ఎస్. సొంత స్టేషన్లు 20 ఉంటే, స్టేషనుకు 27,500 డాలర్ల చొప్పున 5,50,000 డాలర్ల జరిమానా వేసింది. 2006లో కాంగ్రెసు చట్టం చేసి, ఒక్కొక్క అసభ్య ప్రసారానికి వేయగల గరిష్ఠ జరిమానాను 3,25,000 డాలర్లకు, అంటే పది రెట్లకు, పెంచింది. జరిమానా మీద వ్యాజ్యం ఎనిమిదేళ్ళు నడిచింది. క్షణకాలం కనబడిన దృశ్యాలను చూసీ చూడనట్టు వదిలే పాత పద్ధతిని ముందస్తు హెచ్చరిక లేకుండా మార్చారని ఫిలడెల్ఫియా అప్పీలు కోర్టు 2008లో ఒకసారి, 2011లో మరొకసారి జరిమానాను కొట్టేసింది. 2012లో సుప్రీంకోర్టు ఇక ఆ కేసు వినబోమంది. చివరికి సి.బి.ఎస్. మీద ఆ జరిమానా నిలవలేదు.

సర్కారు ఆ గాయనికి గాని, గాయకుడికి గాని శిక్ష వేయలేదు. వాళ్ళకు శిక్ష వేసింది లోకం. ఆ శిక్ష ఎలా పంచిందో చూడండి. సూపర్ బౌల్ జరిగిన వారానికి, ఫిబ్రవరి 8న, అదే సి.బి.ఎస్. గ్రామీ బహుమతుల సభను ప్రసారం చేసింది. టింబర్లేక్ వేదిక ఎక్కాడు, రెండు బహుమతులు అందుకున్నాడు, ఆ వేదిక మీదనే ఒక క్షమాపణ ముక్క చెప్పాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. జానెట్ జాక్సన్ ఆ సభలో లేదు. ఒక టి.వి. చిత్రంలో ఆమెకు రావలసిన లీనా హోర్న్ పాత్ర చెయ్యి జారిపోయింది. ఆ మార్చిలో వచ్చిన ఆమె పాటల ఆల్బం అంతకు ముందువాటిలా అమ్ముడుపోలేదు. అతని ఎదుగుదల మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిల్లు ఆకుకే అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ సామెతను మనవాళ్ళు ఆడపిల్లలను భయపెట్టడానికి వాడతారు. "చూశావా, అందుకే జాగ్రత్తగా ఉండు" అంటారు. ఇందులో ముల్లు మీద ఒక ఫిర్యాదు కూడా ఉందని మనకు తోచదు. ఆ రాత్రి ముల్లు వచ్చి ఆకు మీద పడిందని 9 కోట్ల మంది చూశారు. అయినా ఆకునే విచారించారు. ఆ పాట చివరి మాటలు, అతను ఏం చేయబోతున్నాడో ముందే చెబుతున్నాయి. ఇద్దరూ కలిసి ఏదో అనుకునే చేశారన్నా, అనుకున్నది ఇద్దరూ కదా! తప్పు ఉమ్మడిదైతే చీవాట్లు కూడా ఉమ్మడిగా ఉండవద్దూ? ఆమె నల్లజాతి స్త్రీ, అతను తెల్లజాతి యువకుడు అన్న సంగతి ఈ పంపకంలో ఏ పాత్రా వహించలేదని ఈ దేశంలో ఇన్నేళ్ళు బతికిన మనం నమ్మగలమా?

ఇక అదే తెరమీద, అదే మూడు నాలుగు గంటల్లో మరేం వచ్చాయో గుర్తు చేసుకుందాం. మగతనం మందుల ప్రకటనలు వచ్చాయి. వాటి అర్థం చెప్పమని పిల్లలడిగితే ఏ తండ్రి చెప్పగలడు? ఒక బీరు ప్రకటనలో గుర్రం వదిలిన అపానవాయువుకు కొవ్వొత్తి మంట ఎగసి ఒకమ్మాయి మీదకు వచ్చింది. ఇంకొకదానిలో కుక్క ఒకాయనను కరవరాని చోట కరిచింది. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. మైదానం అంచున గడ్డకట్టే చలికాలంలో జానెడు గుడ్డలతో గంతులు వేసే చీర్‌లీడర్లను ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాం. వీటి మీద ఎవరూ 5,40,000 ఉత్తరాలు రాయలేదు. ఆ రాత్రే రెండవ సగం మొదలయ్యే ముందు ఒక మగవాడు రిఫరీ వేషంలో మైదానంలోకి వచ్చి, బట్టలు విప్పేసి, గోచి పాతితో పరుగులు తీశాడు. ఒక ఆటగాడు అతన్ని పడగొట్టాడు. కెమేరాలు అతన్ని చూపలేదు కనుక రెండూ సమానమని మేము అనం. కాని అతని సంగతి ఇప్పటికీ తమాషాగానే చెప్పుకుంటారు, ఆమె సంగతి నేరంగా చెప్పుకున్నారు. 2019లో అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్ విరామంలో ఆడమ్ లెవీన్ అనే గాయకుడు చొక్కా విప్పి, పచ్చబొట్ల ఛాతీతో పాట పూర్తి చేశాడు. దేశం నిద్రపోయింది.

మరి నగ్నత్వం టి.వి.లో ఎక్కడ కనిపించినా ఒకటేనా? కాదని చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1997 ఫిబ్రవరిలో ఎన్.బి.సి. 'షిండ్లర్స్ లిస్ట్' చిత్రాన్ని దాదాపు కత్తిరింపులు లేకుండా ప్రసారం చేసింది. ఆరున్నర కోట్ల మంది దాకా చూశారు. యూదులను నిర్బంధ శిబిరాల్లో బట్టలు విప్పించి పశువుల్లా ఎంచే ఘట్టాలు అందులో ఉన్నాయి. ఆ నగ్నత్వం చూసి ఎవరికైనా కలిగేది దుఃఖం, తలవంపు. అయినా టామ్ కోబర్న్ అనే కాంగ్రెసు సభ్యుడు అది టి.వి. దిగజారుడుతనానికి నిదర్శనమని దుయ్యబట్టాడు. స్వపక్షంవారే మందలించేసరికి క్షమాపణ చెప్పుకున్నాడు. మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చి చంపడం కన్నా, వాళ్ళ ఒంటిమీద గుడ్డ లేకపోవడం ఆయనను ఎక్కువ బాధించింది! ఇది ఒక్క మనిషి తెలివితక్కువతనం కూడా కాదు. ఈ దేశపు ప్రసార చట్టంలో అసభ్యత అంటే లైంగిక, విసర్జన అవయవాలకూ క్రియలకూ సంబంధించినదే. హింస ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే 2004 నవంబరులో 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' చిత్రాన్ని ఎ.బి.సి. ప్రసారం చేస్తే, 66 స్టేషన్లు జరిమానా భయంతో దాన్ని వేయలేదు. వాళ్ళ భయం కాళ్ళూ చేతులూ తెగిపడే దృశ్యాల గురించి కాదు, సిపాయిల నోట వచ్చే బూతుమాటల గురించి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. "రాత్రి ఎనిమిదిన్నరకు పిల్లాజెల్లాతో కూర్చుని ఆట చూసుకుంటున్నవాడి ఇంట్లోకి చెప్పాపెట్టకుండా అలాంటి దృశ్యం పంపితే కోపం రాదా?" అని ఎవరైనా అడగవచ్చు. వస్తుంది, రావాలి కూడా. సినిమా అయితే పేరు చూసి వెళతాం, పుస్తకమైతే అట్ట చూసి కొంటాం. ఆట మధ్యలో వచ్చేదానికి ముందుగా సిద్ధపడే వీలు లేదు. టి.వి.కి అడ్డంగా నిలబడ్డ మా మిత్రుణ్ణి మేము ఎగతాళి చేయడం లేదు. తండ్రిగా ఆయన చేసింది సరైన పనే. మా పేచీ కోపంతో కాదు. ఆ కోపం ఎంచుకున్న దారితో. టి.వి.కి అడ్డం నిలబడిన మనిషి లాగిన చేతిని ఎందుకు చూడలేదన్నదే మా ప్రశ్న.

ఇదంతా అమెరికావాళ్ళ జబ్బు అనుకుని గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోదామంటే అదీ కుదరదు. తంజావూరు ఆస్థానంలో ఉండిన ముద్దుపళని 18వ శతాబ్దంలో 'రాధికాసాంత్వనము' రాసింది. శృంగారం పాలు తక్కువేమీ లేని మగకవుల ప్రబంధాలను మహాకావ్యాలుగా కొనియాడిన మన పండితలోకం, ఆమె పుస్తకాన్ని మాత్రం వినరానిదని ఈసడించింది. అలా ఈసడించినవారిలో స్త్రీవిద్యకు పాటుపడిన కందుకూరి వీరేశలింగంగారు కూడా ఉండడం మనం మింగలేని నిజం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిపాఠంతో అచ్చు వేయించి, సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కరలేదా అని పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. మా బేస్‌మెంటులో పదేళ్ళ పాప అడిగిన ప్రశ్నను నాగరత్నమ్మ అంతకు 94 ఏళ్ళ ముందే అడిగిందన్నమాట.

పోనీ, పాత సంగతులు వదిలేద్దాం. మన ఉగాది, దీపావళి వేదికల సంగతి ఏమిటి? విరామ కార్యక్రమాన్ని దుమ్మెత్తిపోసిన ఆ ఏడాదే, మేము సభ్యులమైన సంఘం ఉత్సవంలో ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు పొట్ట కనబడే దుస్తులతో సినిమా క్లబ్బుపాటకు నడుములు తిప్పారు. ఆ పాట అర్థం పిల్లలకు తెలియదు. తెలిసిన మనం ముందు వరసలో కూర్చుని ఈలలు వేశాం, వీడియో తీసి తాతమ్మలకు పంపాం. వంటిమీద గుడ్డలున్నాయి కనుక అది సంస్కృతి! ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. ఇండియాలో టి.వి. డాన్సు పోటీలు పిల్లలచేత వయసుకు మించిన శృంగార చేష్టలు చేయిస్తున్నాయని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ప్రైవేటు ఛానళ్ళకు హెచ్చరిక పంపవలసి వచ్చింది. ఆ పోటీలను ఇక్కడ మన ఇళ్ళల్లోనూ శ్రద్ధగా చూశాం. వాటిమీద ఫిర్యాదు రాసినవారు మనలో ఎందరు? గురివింద గింజ సామెత మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఇంతకీ మా అభిప్రాయం ఇది. అసభ్యత గుడ్డ కొలతలో లేదు. ఎవరి ఇష్టంతో జరిగింది, ఎవరి లాభానికి జరిగింది, చివరికి నింద ఎవరు మోశారు అన్న మూడు ప్రశ్నల్లో ఉంది. ఈ మూడూ అడిగితే, శిబిరంలో నిలబెట్టిన మనుషుల నగ్నత్వం మనల్ని ఏడిపించాలి. బీరు అమ్మడానికి వాడుకున్న ఆడదాని నవ్వు మనకు వెగటు పుట్టించాలి. మన వేదిక మీది ఎనిమిదేళ్ళ పిల్లను చూసి మనం సిగ్గుపడాలి. హ్యూస్టన్‌లో జరిగినదానికి కోపగించుకుంటే ఇద్దరి మీదా, దాన్ని నడిపించిన పెద్దల మీదా సమానంగా కోపగించుకోవాలి.

2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో జరిగిన సూపర్ బౌల్ విరామానికి ముఖ్య గాయకుడు ఎవరో పాఠకులకు గుర్తుండే ఉంటుంది: జస్టిన్ టింబర్లేక్. పద్నాలుగేళ్ళు తిరిగేసరికి అదే పీట మళ్ళీ వేసి కూర్చోబెట్టారు. ఆమెకు పిలుపు లేదు. ఆ రాత్రి మాకు ఫోను వచ్చింది. అప్పటి పదేళ్ళ పాప, ఇప్పుడు ఇరవైనాలుగేళ్ళది, వేరే ఊళ్ళో ఉద్యోగం. "అంకుల్, చూస్తున్నారా? ఆయన వచ్చాడు. ఆవిడ ఏది?" అంది. ఈసారి జరపడానికి చేతిలో బజ్జీల పళ్ళెం కూడా లేదు. 2021 ఫిబ్రవరిలో టింబర్లేక్ జానెట్ జాక్సన్ పేరు పెట్టి క్షమాపణ ప్రకటించాడు. అందుకు అతనికి పదిహేడేళ్ళు పట్టింది.

మాకు అంతకన్నా ఎక్కువ పట్టింది. ఆ అమ్మాయికి మేము ఇవ్వవలసిన జవాబు చిన్నదే: "నువ్వన్నది నిజమమ్మా. లాగింది అతనే. మేము అటు చూడలేదు." ఈ మాట ఆమెకు ఫోనులో చెప్పాం. ఈ ఏడాది ఉత్సవాలకు పిల్లల పాటలు ఎంపిక చేసే కమిటీవారు పై మూడు ప్రశ్నలను ఒక్కసారి మనసులో పెట్టుకోవలసిందిగా మనవి చేస్తున్నాం.