కోపం దిగిన కొండ

స్కంద షష్ఠి నాడు తమిళనాట మురుగన్ గుళ్ళన్నీ యుద్ధభూములవుతాయి. తిరుచెందూరు సముద్రపు ఒడ్డున ఇసుక వేస్తే రాలని జనం చూస్తుండగా అసురుడు శూరపద్ముడి తల తెగుతుంది. ఊరూరా అదే సూరసంహారం. తిరుత్తణి కొండ మీద మాత్రం ఆ రోజు యుద్ధం జరగదు. గంపలకొద్దీ పూలు తెచ్చి స్వామికి పుష్పాంజలి చేస్తారు. స్థలపురాణం చెప్పే కారణం చిన్నది: యుద్ధం ముగించిన స్వామి కోపం చల్లార్చుకోవడానికి ఈ కొండకు వచ్చాడు, అలాంటి చోట మళ్ళీ కత్తులెందుకు?

ఈ కథలో గొప్ప పనితనం ఉంది. గెలిచినవాడిలోనూ కోపం మిగిలిపోతుందని, శత్రువు నేలకూలినా ఒంట్లో పోరు ఆగదని, అది దిగడానికి వేరే చోటు, వేరే పని కావాలని దీన్ని అల్లినవాళ్ళకు తెలుసు. స్వామి రొమ్మున తారకాసురుడు విసిరిన చక్రం గుర్తు ఉందంటారు. గెలుపు వెనక దెబ్బ కూడా ఉందని మూర్తిలోనే చూపించారన్నమాట. ఈ రోజుల్లో ఒత్తిడి గురించి వైద్యులు చెప్పేదాన్ని ఈ కథ పక్కన పెట్టి చదివితే రెండూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి.

ముందు ఒంటి పనితనం చూద్దాం. భయమో కోపమో కలిగిన క్షణాన మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ రెండు దారుల్లో కబురు పంపుతుంది. ఒకటి నరాల దారి, సెకన్లలో అందుతుంది. మూత్రపిండాల పైన ఉన్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు లేస్తుంది, ఊపిరి గొట్టాలు విచ్చుకుంటాయి, కాలేయం దాచుకున్న చక్కెరను విడుదల చేస్తుంది. పేగులకు, చర్మానికి వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది. నోరెండిపోవడం, అరచేతులకు చెమట పట్టడం, కడుపులో దేవినట్టుండడం, అన్నీ ఈ సన్నాహం గుర్తులే. గాయమైతే నెత్తురు త్వరగా గడ్డకట్టడానికి కూడా ఏర్పాటు జరిగిపోతుంది. పోరాడడానికో పారిపోవడానికో ఒళ్ళు ఇలా సిద్ధమయ్యే తీరును హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో పుస్తకంగా రాశాడు.

రెండోది హార్మోన్ల దారి, నెమ్మదైనది. హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి అడ్రినల్ గ్రంథి పై పొరకు కబురు అంది, కొన్ని నిమిషాలకు కార్టిసాల్ తయారవుతుంది. పోరు సాగితే కావలసిన ఇంధనాన్ని అందిస్తూ ఉండడం దీని పని. ఇందులో నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆపే పద్ధతి. రక్తంలో పెరిగిన కార్టిసాలే తిరిగి మెదడుకు చేరి, ఇక చాలు, కబురు ఆపమని చెబుతుంది. తనను పుట్టించిన ఆజ్ఞను తానే రద్దు చేస్తుంది. మొదలుపెట్టడం ఏ యంత్రానికైనా నేర్పవచ్చు. ఎక్కడ ఆగాలో తనలోనే పెట్టుకున్న ఏర్పాటు మాత్రం అరుదు.

అపాయం వచ్చి, గెలిచో ఓడో దాటిపోతే ఈ ఏర్పాటుకు వంక పెట్టలేం. ఇబ్బంది ఎక్కడంటే, తిరుత్తణి నుంచి తెల్లవారుజామున చెన్నై రైలెక్కే గుమాస్తాకు ఆ అపాయం దాటదు. రైలు ఆలస్యం, ఆఫీసులో మాట, సాయంత్రం మళ్ళీ రైలు, ఇంటికొస్తే చీటీ డబ్బు. పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట వైపు పవర్‌లూమ్‌ల దగ్గర నిలబడే మనిషికి రోజంతా మగ్గం మోతే. పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. నూలు ధర పెరిగినా కూలి పెరగదు. వీళ్ళు ఎవరి మీదా కత్తి దూయలేరు, ఎటూ పారిపోలేరు. ఒళ్ళు మాత్రం రెండింటికీ సిద్ధమై కూర్చుంటుంది. ఖర్చుకాని చక్కెర రక్తంలో తిరుగుతుంది, రక్తపోటు పైనే నిలుస్తుంది, కంటికి కునుకు రాదు. మామూలుగా తెల్లవారే వేళ ఎక్కువగా, అర్ధరాత్రికి బాగా తక్కువగా ఉండాల్సిన కార్టిసాల్ వరస తప్పుతుంది.

హాన్స్ సెల్యే 1936లో ఎలుకల్లో ఇలాంటి ఒత్తిడి తెచ్చే అరుగుదలను చూపించాడు. ఏ రకం బాధ పెట్టినా అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. మనుషుల సంగతి 1995లో జానిస్ కీకాల్ట్ గ్లేజర్ బృందం చూపింది. మతిమరుపు జబ్బుతో ఉన్న బంధువుకు సేవచేస్తున్న స్త్రీల చేతి మీద చిన్న గాయం చేసి చూస్తే, అదే వయసు ఇతర స్త్రీలకన్నా సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. ఇంట్లో మంచం పట్టినవాళ్ళకు ఏళ్ళ తరబడి చాకిరీ చేసే కోడళ్ళను, కూతుళ్ళను చూసినవారికి ఈ లెక్క చదివితే గుండె కలుక్కుమంటుంది. వాళ్ళ అలసట చర్మంలో కూడా కనిపిస్తుందని తేలాక, కాస్త ఓర్చుకోమ్మా అనడానికి నోరు రాదు.

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. అడుగున శరవణ పొయ్‌గై కోనేరు. అక్కడ మునిగి, తడి ఆరకముందే మెట్లు మొదలుపెడతారు. 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. నడుమ నీడకు మంటపాలున్నాయి. పైకి తారురోడ్డు పడ్డాక బండిలో వెళ్ళేవాళ్ళే ఎక్కువ, వాళ్ళను తప్పుపట్టను. మోకాళ్ళు సహకరించేవాళ్ళు మాత్రం మెట్లు వదులుకోకూడదు, ఎందుకంటే కొండ పనితనం మెట్లలోనే ఉంది. కొట్లాటకు సిద్ధమైన కండరాలకు ఇక్కడ నిజంగా పని దొరుకుతుంది. రక్తంలోకి వచ్చిన చక్కెరను తొడలు, పిక్కలు వాడుకుంటాయి. గుండె దడకు ఒక న్యాయమైన కారణం దొరుకుతుంది. మంటపంలో కూర్చోగానే ఆ దడ దానంతటదే దిగుతుంది. దడ దిగగలదని ఒంటికి మళ్ళీ అనుభవంలోకి రావడం, నిద్రపట్టని మనిషికి చాలా పెద్ద సంగతి.

మెట్ల లెక్క ముందే తెలియడం కూడా చిన్న విషయం కాదు. 1970 ప్రాంతంలో జే వైస్ అమెరికాలో ఎలుకలకు కరెంటు షాకులిచ్చి చూశాడు. షాక్ వచ్చే ముందు శబ్దంతో హెచ్చరిక అందిన ఎలుకలకు కడుపు పుండ్లు బాగా తక్కువ. షాకులు అన్నిటికీ సమానమే, ఎప్పుడొస్తాయో తెలియకపోవడమే ఎక్కువ నరకం. మన బతుకులో అప్పులవాడు ఎప్పుడొస్తాడో తెలియదు, కూలి ఎప్పుడు కోస్తారో తెలియదు. కొండ మీద మాత్రం ఎంత కష్టం మిగిలిందో కళ్ళెదుటే ఉంటుంది. ఏ మెట్టు మీద ఆగాలో తేల్చుకునే హక్కు కూడా ఎక్కేవాడిదే.

డిసెంబరు 31 రాత్రి ఈ మెట్లను చూడాలి. సుమారు నూరేళ్ళ కిందట వళ్ళిమలై సచ్చిదానంద స్వామి మొదలుపెట్టిన మెట్లపూజ అది. కొత్త సంవత్సరం నాడు జనం తెల్లదొరల గుమ్మాల ముందు పండ్లు, దండలు పట్టుకుని నిలబడుతుంటే మనసు నొచ్చి, దొరలకు దొర కొండ మీద ఉన్నాడని జనాన్ని ఇటు తిప్పాడు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, అరుణగిరినాథర్ తిరుప్పుగళ్ పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతారు. భజన గోష్ఠులు ముందు నడుస్తాయి. తొందరపడ్డా ముందుకు పోయే వీలు ఉండదు. మామూలుగా అరగంట కూడా పట్టని ఎక్కడం ఆ రాత్రి ఎంతకీ తరగదు. ఆగడాన్నే పూజ చేశారు. ఎక్కేటప్పుడు వేగం పెరిగే గుండెను అడుగడుగునా నిలబెట్టి, ఆ నిలిచిన చోట పాట పెట్టారు.

పాట ఎందుకంటే, అక్కడ ఊపిరి ఉంది. గాలి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడాన్ని పొడిగిస్తే, మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం తన పట్టు బిగించి గుండెను నిదానింపజేస్తుంది. పాడేవాడు చేసేదే అది. గబుక్కున పీల్చి, చరణం సాగినంతసేపూ వదులుతాడు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. ఇటలీలోని పావియాలో లూచియానో బెర్నార్డి బృందం 2001లో 23 మందితో లాటిన్ జపమాల ప్రార్థన, ఓం మణి పద్మే హుం మంత్రం విడివిడిగా చదివించింది. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగింది. ఆ లయలో రక్తపోటును సరిదిద్దే శరీరపు యంత్రాంగం మరింత చురుగ్గా పనిచేసింది. మతాలు వేరు, భాషలు వేరు, నిడివి మాత్రం ఒకటే. ఊపిరిని కొలిచే పనిముట్లు లేని రోజుల్లో చెవితోనే ఆ కొలతను పట్టుకున్నవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

సంగీతంలో ఈ కొండ పేరు ఎత్తగానే ముత్తుస్వామి దీక్షితులు గుర్తొస్తారు. కాశీ నుంచి మణలికి తిరిగొచ్చిన ఆయన ఈ గుడిలో ధ్యానంలో ఉండగా, ఒక ముసలాయన నోరు తెరవమని పటికబెల్లం పెట్టి మాయమయ్యాడని కథ. అప్పుడు వచ్చిన తొలి కృతి శ్రీనాథాది గురుగుహో. ఆయన ఎంచుకున్నది పిల్లలకు సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళ. ఈ రాగం కట్టుబడి చూడండి: స నుంచి మ వరకు స్వరాల మధ్య ఎంతెంత ఎడముందో, ప నుంచి పై స వరకూ అంతంతే ఎడం. కింది సగం ఎక్కిన గొంతుకు పై సగం కొత్త కాదు. అంత పాండిత్యమున్న మనిషి తొలి పాటకు అందరూ ఎక్కగల మెట్లు ఎంచుకున్నారు. ముత్తుస్వామి కృతులను స్వరాలతో సహా రాసి సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళినా, ఆడికృత్తికకు నగరి, పుత్తూరు, చిత్తూరు నుంచి పూల కావళ్ళు ఇప్పటికీ ఆ కొండే ఎక్కుతున్నాయి. మా జిల్లా, మీ జిల్లా అని గొంతు చించుకున్నవాళ్ళ మనవలు ఒకే క్యూలో నిలబడతారు.

అక్కడి నుంచి తూర్పుగా తిరువళ్ళూరు. ఇక్కడ ఎక్కడం లేదు, స్వామే పడుకుని ఉన్నాడు. వైద్య వీరరాఘవుడంటారు, అహోబిల మఠం వారి ఆలయం. శాలిహోత్ర మహర్షి ఏడాది ఉపవాసం తర్వాత వండుకున్న అన్నం ముసలి అతిథి రూపంలో వచ్చి తినేసి, ఎక్కడ పడుకోను అని అడిగిన స్వామి ఆయనే. గర్భగుడిలో ఆదిశేషుడి మీద పడుకుని, కుడిచేయి ఆ మహర్షి తల మీద ఉంచాడు. అమావాస్యనాడు జనం హృత్తాపనాశిని కోనేటికి వచ్చి పాలు, బెల్లం సమర్పిస్తారు. నీటిలో బెల్లం కరిగినట్టే జబ్బు కరగాలని మొక్కు.

ఆ కుడిచేతి దగ్గర శిల్పి ఆలోచన చాలా లోతైనది. ఆకలితో, అలసటతో ఉన్న మనిషికి దేవుడిచ్చింది ఉపదేశం కన్నా ముందు స్పర్శ. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్ళైన స్త్రీలకు షాక్ తగలబోతోందని చెప్పి మెదడు స్కాన్ తీసింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో భయపు స్పందన తగ్గింది. కాపురం సజావుగా ఉన్నవాళ్ళలో ఇంకా బాగా తగ్గింది. పక్కన ఎవరున్నారన్నది ఒంటికి అంత ముఖ్యం. తిరువళ్ళూరు అమావాస్యకు ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ. జబ్బు మనిషిని ఎవరో ఒకరు రెక్క పట్టుకుని తీసుకొస్తారు, కోనేటి మెట్ల మీద పక్కనే కూర్చుంటారు.

కొండ, కోనేరు మాత్రలకు బదులు కావు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మెట్లెక్కుతుంటే రొమ్ములో బరువు, ఎడమ చేతికి లాగడం, ఊపిరందకపోవడం ఉంటే అక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్ళాలి. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు మొక్కు పేరుతో మానకూడదు. 2021 ఆగస్టు నుంచి తమిళనాడులో మక్కళైత్ తేడి మరుత్తువం పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. తిరువళ్ళూరులో 2022 జనవరి నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దిగులు వారాల తరబడి వదలకపోయినా, బతకాలని లేదనే ఆలోచన వచ్చినా, 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.