స్టాఫ్‌రూమ్ నేర్పే పాఠం

ఈ వారం బుక్కపట్నం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన పక్కనే కూర్చుని, టీచర్లకు శిక్షణ ఇచ్చే మా డైట్ కాలేజీ మాట ఎత్తాడు. "ఆ క్లాసుల్లో చెప్పేదంతా పరీక్షకేనప్పా. గట్టున కూర్చోబెట్టి చెప్తే ఈత వస్తుందా? ఐవారు తయారయ్యేది బళ్ళోనే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరి టీ డబ్బులూ నేనే ఇచ్చాను.

ఎందుకిచ్చానో ఈ కాలమ్ చదివేవాళ్ళకు వేరే చెప్పాలా? అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్ మీద నా కక్ష ఈనాటిది కాదు. బోధనోపకరణాల (టీఎల్‌ఎం) పేరుతో రాత్రంతా మేలుకుని థర్మోకోల్ చెక్కే పిల్లల్ని చూస్తే జాలి. రంగు కాగితాల అట్టలేసి, ఎవరూ చదవని లెసన్ ప్లాన్ రికార్డులను చూస్తే కోపం. ఒక మనిషి పిల్లల్ని చూసే చూపు క్లాసులో పాఠం వింటే మారదని నా పాత వాదన.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాల వారీగా డైట్‌లు వచ్చాయి కదా, అప్పటి అనంతపురం జిల్లా డైట్ మన బుక్కపట్నానికి దక్కింది. 2022లో జిల్లా విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పిల్లలు ఇక్కడ గదులు తీసుకుని చదువుకుంటారు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) కొత్త నిబంధనలు తెచ్చి, బళ్ళో గడిపే ఇంటర్న్‌షిప్‌కు బరువు పెంచినప్పుడు నేను సంతోషించాను. ఇంకా పెంచమని అడగడానికే ఈ వారం కలం పట్టాను. ఇంతలో మా వీధిలో ఉండి చదువుకుని వెళ్ళిన ధర్మవరం కుర్రాడు గుర్తొచ్చాడు.

మగ్గం ఇంటి పిల్లోడు. డీఎస్సీ రాసి టీచరు ఉద్యోగం కొట్టాలి, ఇంట్లో అప్పు తీర్చాలి, అంతే అతని లెక్క. టీచింగ్ ప్రాక్టీసుకు దగ్గరి పల్లెలో బడి ఇచ్చారు. మొదట్లో సాయంత్రం వచ్చి పిల్లకాయల ముచ్చట్లు ఆపకుండా చెప్పేవాడు. రానురాను మాట మారింది. "చివరి బెంచీ వాళ్ళకు రాదు సార్. ఇంట్లో చదువు లేదు. ముందు వరసకు చెప్పుకుంటే చాలు." ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారియర్లు విప్పేటప్పుడు సీనియర్లు చెప్పిన పాఠం. బెత్తంతో బల్ల మీద కొడితే గోల ఎట్లా ఆగుతుందో కూడా అక్కడే నేర్చుకున్నాడు.

సైకాలజీ పేపరు కింద ఒక కేస్ స్టడీ రాయాల్సి ఉంది. ఒక పిల్లవాణ్ణి ఎంచుకోవాలి, గమనించాలి, ఇంటికిపోయి మాట్లాడాలి, రాయాలి. తొందరగా తెగుతుందని, సగం రోజులు బడికి రానివాణ్ణి ఎంచుకున్నాడు. ఇంటికి పోతే అవ్వ ఒక్కతే ఉంది. అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోయారు. శెనక్కాయ పంట పోయిన ఏడల్లా పోతారు. పిల్లోడు కొన్నాళ్ళు వాళ్ళతో అక్కడ, కొన్నాళ్ళు అవ్వతో ఇక్కడ. అక్కడున్నప్పుడు పని జాగా దగ్గరి బళ్ళో కూర్చున్నాడట.

కుర్రాడు ఆ పిల్లవాడి నోట్సు తిరగేశాడు. పేజీ నిండా ఎర్ర కొట్టివేతలు. తలకట్లన్నీ తప్పు. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది, కన్నడంలో అడ్డంగా గీత పడుతుంది. వాడు రాసినవి కన్నడ అక్షరాలు, అవీ పద్ధతిగా. అక్షరాలు రానివాడని చివరి బెంచీలో పడేసిన పిల్లోడు బెంగళూరు బస్సు బోర్డులు చదువుతాడు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నప్పుడు కుర్రాడి గొంతు వేరుగా ఉంది. "వానికి రాదని మాకెవరు చెప్పినారు సార్?" అన్నాడు.

ఇప్పుడు న్యాయంగా ఆలోచిద్దాం. అతని చూపు మార్చింది బడా, క్లాసా? బడి తన వంతు ముందే చేసింది: ఎవరిని వదిలెయ్యాలో నేర్పింది. అవ్వ గుమ్మం దాకా నడిపించింది మాత్రం పేపర్లో ఉన్న ఒక పొడి అంశం. పల్లెలో ఎవరూ అడగని ప్రశ్నను మార్కుల కోసం అడిగించింది. ఇది మన ఊరి సంగతే అనుకోకండి. అమెరికాలో వేన్ హోయ్ అనే పరిశోధకుడు 1967లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రాక్టీసుకు వెళ్ళకముందు పిల్లలతో మెత్తగా ఉండాలనుకున్న ట్రైనీలు, వెళ్ళొచ్చాక పిల్లల్ని అదుపులో పెట్టడమే పని అనే వైపు మొగ్గారని తేలింది. నీళ్ళలోకి తోస్తే కొందరికి ఈత వస్తుంది, కొందరికి నీళ్ళంటే భయం పట్టుకుంటుంది. హెడ్మాస్టరు గారు రెండోవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు.

అందుకని ఇంటర్న్‌షిప్ రోజులు పెంచమని అడగడం మానుకుంటున్నాను. ఉన్న రోజులు చాలు. అవి అయ్యాక ఏం జరుగుతోంది? రికార్డుల మీద సంతకాలు, ఆ వెంటనే పరీక్షల హడావుడి. ఏం చూసొచ్చావు నాయనా అని అడిగే గంట లేదు. "పిల్లల్ని ప్రేమించాలి" అన్న ఉపన్యాసంతో ఎవరూ మారరు, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ తిరిగొచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఒక్కో పిల్లవాడి గురించి స్టాఫ్‌రూమ్ చెప్పిందేమిటి, మీ కంట పడిందేమిటి అని అడిగి, రెండూ బోర్డు మీద రాయించి, తేడా ఎందుకొచ్చిందో వాళ్ళచేతే చెప్పిస్తే, అది కోర్సు. అది క్లాసులోనే జరగాలి, స్టాఫ్‌రూమ్‌లో జరగదు.

ఒక్కటే షరతు. ఆ గంటకు మార్కులు పెట్టొద్దు. పెట్టారో, వచ్చే ఏడు దానికీ గైడు అచ్చవుతుంది.